బుగ్గలు ఉబ్బని బ్యూగిల్

అందరికీ నమస్కారమండి. ఈమధ్య ఒక భూస్థాపనకి వెళ్లొచ్చాను, అమెరికాలో మేముండే వీధిలోనే పక్కింటి పెద్దాయన, తొంభై దాటాయి, కుర్రతనంలో కొరియా యుద్ధానికి వెళ్లొచ్చిన ఆర్మీ మనిషి. చర్చిలో పాటలు, పాస్టర్ గారి వాక్యం, ఎక్కడెక్కడి నుంచో దిగిన మనవలు, అదంతా చెప్తూ కూర్చుంటే నాకిచ్చిన టైం అయిపోతుంది, సమాధి దగ్గర మోగిన బ్యూగిల్, అదే మిలిటరీవాళ్లు ఊదే బాకా, దాని సంగతొక్కటే చెప్తా.

యూనిఫాంలో ఇద్దరొచ్చారు. ఒకాయన దూరంగా నిలబడి బ్యూగిల్ నోటికి పెట్టుకున్నాడు, ఇరవైనాలుగే స్వరాలు, నిమిషం కూడా పట్టదు, అప్పటిదాకా గట్టిగా నిలబడ్డ పెద్ద కూతురు అక్కడ తట్టుకోలేకపోయింది. తర్వాత ఇద్దరూ కలిసి పెట్టె మీది జెండాని చుక్కలు పైకొచ్చేలా మూడు మూలల మడతపెట్టి ఆవిడ చేతికిచ్చారు.

ఆ ట్యూన్ పేరు ట్యాప్స్. అసలది చావు పాటే కాదండి! 1862 జులైలో, అంతర్యుద్ధం టైంలో, వర్జీనియాలో హారిసన్స్ ల్యాండింగ్ క్యాంపులో బటర్‌ఫీల్డ్ అనే జనరల్ తన బ్యూగిల్ కుర్రాడు నార్టన్‌ని పిలిచి, ఒక కవరు వెనకాల పెన్సిల్‌తో రాసిన స్వరాలు చూపించి ఇది ఊదు అన్నాడట. ఎందుకూ, రాత్రి దీపాలార్పి పడుకోమని చెప్పడానికి, అంతే. ఆ రోజుల్లోనే ఒక ఫిరంగి సిపాయి చనిపోయాడు, ఆనవాయితీ ప్రకారం సమాధి మీదుగా మూడుసార్లు తుపాకులు పేల్చాలి, శత్రువేమో పక్కనే ఉన్నాడు, పేలిస్తే దాడి మొదలైందనుకుంటాడు. అందుకని కెప్టెన్ టిడ్‌బాల్, తుపాకులొద్దు, ఆ పడుకోమనే ట్యూన్ ఊదండి అన్నాడు. పడుకోమనే ట్యూన్! ఇంతకంటే సరైనది ఎవరైనా కూర్చుని వెతికినా దొరికేది కాదని నాకనిపిస్తుంది.

ఇంకోటి, మా అబ్బాయి నా చెవిలో గొణిగాడు, నాన్నా ఆయన బుగ్గలు ఉబ్బట్లేదు అని. నిజమే, లోపల రికార్డింగ్ పెట్టిన బ్యూగిల్ అది, ఊదేవాళ్లు అన్ని చోట్లకీ దొరకరు. నాకు కాస్త చివుక్కుమంది, కూతురికి మాత్రం ఆ తేడా తెలిసినట్టు లేదు, తెలియక్కర్లేదు కూడా.

ట్యాప్స్ మోగించి, జెండా మడిచి ఇచ్చే ఈ గౌరవం 2000 నుంచి చట్టప్రకారం హక్కు. అర్హత ఉండి, కుటుంబం అడిగితే, కనీసం ఇద్దరు రావాలి, అందులో ఒకరు చనిపోయినాయన పనిచేసిన దళం నుంచే. కానీ అడగడానికి డిశ్చార్జ్ కాగితం, అంటే మిలిటరీ నుంచి బయటికొచ్చినప్పుడు ఇచ్చేది, చూపించాలి, పక్కింటివాళ్లకి అదే దొరకలేదు. కాపీ కోసం సెయింట్ లూయిస్‌లో మిలిటరీవాళ్ల రికార్డులుండే ఆఫీసుకి రాద్దామంటే, 1973లో అక్కడ అగ్నిప్రమాదం జరిగి కోటీ అరవై లక్షల పైచిలుకు ఫైళ్లు కాలిపోయాయి, ఎక్కువగా 1960కి ముందు బయటికొచ్చిన ఆర్మీవాళ్లవే. రెండ్రోజులు ఇల్లంతా తిరగేస్తే, చివరికి గడ్డి కోసే మెషీన్ వారంటీ కాగితాల మధ్య దొరికింది.

మీ ఇంట్లో అలాంటి పెద్దాయనుంటే ఆ కాగితం ఎక్కడుందో ఇప్పుడే అడగండి. ఎందుకో చెప్పక్కర్లేదు, ఊరికే చూస్తాననండి, ఒక ఫొటో తీసి తోబుట్టువులందరికీ పంపేయండి. ఆ కాగితం చేతిలో ఉన్నప్పుడే, అక్కడ ఏం చేసేవారు నాన్నా అని కూడా అడగండి. మా పక్కింటాయన్ని నేనెప్పుడూ అడగలేదు, కలిసినప్పుడల్లా గడ్డి మెషీన్ గురించే మాట్లాడుకున్నాం.