ఊరి మధ్యలో పేదల ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ప్రభుత్వం చేతిలో ఉన్న జాగా ఎవరికి దక్కాలి? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

2025 జులైలో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నాలుగో ఫేజ్‌లో ప్రభుత్వ హౌసింగ్ బోర్డు తన 7.8 ఎకరాల జాగాను వేలం వేసింది. ఎకరం 70 కోట్ల రూపాయలు పలికింది. ఖజానాకు డబ్బు వచ్చింది, కాదనను. కానీ ఆ కాలనీ ఎట్లా పెరిగింది? 1980లలో అక్కడ తక్కువ, మధ్య ఆదాయాల వాళ్ల కోసం బోర్డు కట్టిన ఎల్ఐజీ, ఎంఐజీ ఇళ్లలో గుమాస్తాలు, ఫ్యాక్టరీ కార్మికులు చేరారు. నెలనెలా వాయిదాలు కట్టుకుని సొంతం చేసుకున్నారు. వాళ్ల పిల్లలు ఆ రెండు గదుల్లోంచే చదువుకుని పైకి వచ్చారు. అట్లాంటి ఇళ్లు కట్టడానికి పుట్టిన బోర్డే మిగిలిన జాగాను ఎక్కువ పాట పాడినవాళ్లకు ఇచ్చేస్తే, ఈ తరం కార్మికుడు ఎక్కడికి పోవాలి?

పేదలకు ఊళ్లోనే ఇల్లు కట్టివ్వడం ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద బస్తీలను తుడిచిపెట్టాక, నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీలు తొలగించి, సామాన్యులకు ఇళ్లు కట్టడం దాని పనుల్లో ఒకటి. 1960లో వచ్చిన హౌసింగ్ బోర్డు దానికి వారసురాలు.

ఇప్పుడు ఒక బస్తీ గదిలోకి తొంగి చూద్దాం. రేకుల కప్పు, ఒకే గది. తలుపు పక్కన గ్యాస్ పొయ్యి, దాని మీదుగా తాడు, తాడు మీద ఆరీ ఆరని బట్టలు. నల్లా వచ్చే రోజు నింపుకున్న నీలం డ్రమ్ము సగం దారి ఆక్రమిస్తుంది. నాలుగు కుటుంబాలకు ఒకటే బాత్రూం. పొద్దున బడికి పోయే ఆడపిల్ల బకెట్ పట్టుకుని వరుసలో నిలబడుతుంది. చుట్టం వచ్చి రెండు రోజులుంటే ఓనరమ్మ నీళ్ల లెక్క అడుగుతుంది. కిరాయి పెంచుతామంటే సామాను ఆటోలో వేసుకుని ఇంకో గల్లీకి. పిల్లలకు బడి మారుతుంది, తల్లికి పనిచేసే ఇళ్లు పోతాయి.

ఊరి మధ్యలో ఇళ్లు కట్టలేమా అంటే, కట్టిన చోట్లు కళ్లముందే ఉన్నాయి. సికింద్రాబాద్ బోయిగూడ దగ్గర ఐడీహెచ్ కాలనీలో శిథిలమైన పాత ఇళ్లు తీసేసి, అదే చోట 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. జియాగూడలో 840, నెక్లెస్ రోడ్డు పక్కన అంబేద్కర్ నగర్‌లో 330. ఒక్కో ఇల్లు సుమారు 560 చదరపు అడుగులు. అక్కడివాళ్లకు పని మారలేదు, పిల్లల బడి మారలేదు. నా దృష్టిలో ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకంలో అన్నిటికంటే మేలైన భాగం ఇదే.

ఎక్కువ ఇళ్లు మాత్రం ఊరి అంచులకు పోయాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరులో 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టడం పెద్ద పనే, ఆ ఇళ్లు మంచివే. కానీ మలక్‌పేటలో నాలుగు ఇళ్లల్లో అంట్లు తోమే అక్కకు అక్కడ ఇల్లు వస్తే, ఆమె తెల్లవారక ముందే బస్సు కోసం రోడ్డెక్కాలి. బస్సు ఛార్జీలు పోను జీతంలో ఏం మిగులుతుంది? 'పేదలు ఇళ్లు తీసుకుని కిరాయికి ఇచ్చుకుంటున్నారు' అని నింద వేసేవాళ్లు ఈ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అందుకే అడిగేది ఒకటే. ప్రభుత్వ జాగా ఏదైనా వేలానికి పోకముందే, అందులో పదో వంతు పేదల ఇళ్లకు పక్కన పెట్టాలని చట్టం చేయాలి. 2023 ఆగస్టులో కోకాపేటలో 45 ఎకరాల పైచిలుకు అమ్మారు, ఒక చోట ఎకరం 100 కోట్లు దాటింది. కొల్లూరులో ఎకరానికి వందకు పైగా ఇళ్లు పట్టాయి. ఆ లెక్కన కోకాపేటలో పదో వంతు ఉంచినా, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పనిచేసే 450 కుటుంబాలు నడిచిపోయేంత దూరంలో ఉండేవి. నేల ప్రభుత్వం పేరునే ఉంచి, ఇల్లు దీర్ఘకాలిక లీజు మీద ఇస్తే చేతులు మారవు. లిఫ్టు, మోటారు ఖర్చులకు కింది అంతస్తులో నాలుగు దుకాణాలు కట్టి, ఆ కిరాయి కాలనీ సంఘానికే ఇవ్వాలి. తొమ్మిదో అంతస్తులో ఉన్న ముసలమ్మకు లిఫ్టు ఆగితే ఇల్లు జైలే.

సేకరించే ఆస్తుల మాట కూడా చెప్పాలి. మెట్రో రెండో దశ కోసం ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మార్గంలో ఆస్తులు తీసుకుంటున్నారు. యజమానులకు గజానికి 81,000 రూపాయల లెక్క కట్టారు. మరి ఆ మేడల్లో కిరాయికి ఉన్నవాళ్లు? 2013 భూసేకరణ చట్టం నగరంలో మూడేళ్లకు తగ్గకుండా అక్కడే ఉంటున్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగానే చూస్తుంది. ఇల్లు పోతే 50 చదరపు మీటర్లకు తగ్గని ఇల్లు ఇవ్వాలంటుంది. స్టేషన్ల దగ్గర మిగిలే జాగాలో మొదటి ఇళ్లు వీళ్లకే కట్టాలి.

ఆ దారిలో కిరాయికి ఉంటున్న అక్కలకూ అన్నలకూ ఒక మాట. కిరాయి చీటీలు, గ్యాస్ బుక్కు, పిల్లల బడి కాగితాలు, ఓటరు కార్డు, మూడేళ్లుగా అక్కడే ఉన్నామని చూపేవి ఏవున్నా ఒక సంచిలో భద్రంగా పెట్టుకోండి. సర్వేకు వచ్చినవాళ్లు ఓనరు పేరు మాత్రమే రాసుకుంటుంటే, మీ పేరూ రాయమని అడగండి. రాయకపోతే అర్జీ రాసి కలెక్టరేట్‌లో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి.

సెలవు.