ముందు నీళ్లు, తర్వాతే పగడాలు

(హనుమకొండలో అక్వేరియం అభిరుచి ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వరంగల్‌లో పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి పెట్టానంటే ఎవరైనా మొదట అడిగేది, సముద్రం లేని ఊళ్లో ఈ యావ ఎందుకని. సముద్రం లేకపోయినా పగడాలు ఓరుగల్లుకు కొత్త కాదు. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో ఓడ సరుకులకు సుంకం ఎంతో చెక్కించాడు. కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు నూలు, మిరియాల సరసన పగడాలూ ఉన్నాయి. అవి నగల్లోకి పోయే ఎండు పగడాలనుకోండి. బతికిన వాటి సంగతికి వస్తే మాస్కోను తలచుకోవాలి. మనలాగే అదీ సముద్రం లేని ఊరే. ఎర్రగా మెరిసే ఒక ప్రొటీన్ గురించి 1999లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. అది వారికి దొరికింది అక్వేరియంలో పెరిగిన డిస్కోసోమా అనే పగడంలాంటి ప్రాణిలో. దుకాణంలో మనం మష్రూమ్ అని అడిగి కొనుక్కునేది దాన్నే. జీవకణాల లోపల ఏం జరుగుతోందో చూడటానికి ప్రయోగశాలల్లో ఇప్పుడు ఆ ఎరుపును వాడుతున్నారు. కాబట్టి సముద్రం లేదన్న సాకు పక్కన పెట్టి, మనకు నిజంగా అడ్డొచ్చే వాటి గురించి మాట్లాడుకుందాం. అవి ఎండ, నీళ్లు, కరెంటు, చట్టం.

పగడం మొక్క కాదు, రాయీ కాదు, ప్రాణి. దాని కండలో కంటికి కనిపించనంత చిన్న శైవలాలు (నాచు జాతి జీవులు) కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం వండుకుని, అందులో పెద్ద వాటా ఇంటి యజమానికి ఇస్తాయి. నీళ్లు వేడెక్కితే ఈ పొత్తు చెడుతుంది. పగడం తన శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. సముద్రంలోనైతే అలవాటైన వేసవి వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా చాలు. 1998లో మన లక్షద్వీప్ పగడాలు పెద్ద ఎత్తున దెబ్బతిన్నది ఇలాగే.

ఇక మన ఊరు. మే నెలలో పగటి వేడి 42 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. తొట్టి నీళ్లేమో 25, 26 దగ్గర ఉండాలి. నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి, ఎందుకంటే ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. అది గాలి పొడిగా ఉన్నంతసేపే. వేసవి రాగానే మనం చేసే మొదటి పని కిటికీకి కూలర్ పెట్టడం. కూలర్ గదిలోకి తేమ నింపుతుంది. తేమ గాలిలో తొట్టి నీరు సరిగా ఆవిరి కాదు, ఫ్యాను తిరుగుతున్నా ఫలితం సన్నగిల్లుతుంది. మనకు హాయిగా ఉంది కదా, చేపలకూ ఉంటుందనుకుంటాం. తొట్టిలో థర్మామీటరు వేరే మాట చెబుతుంది. అందుకే ఇక్కడ రీఫ్ తొట్టి, అంటే పగడాల తొట్టి, పెట్టేవారు మొదటి ఖర్చు నీటిని చల్లబరిచే చిల్లర్ మీదో, రోజంతా ఆడే ఏసీ గది మీదో పెట్టాలి. చిల్లర్ వదిలే వేడి గాలి గది బయటికి పోవాలి. స్టాండు కింద అల్మారాలో దాన్ని బిగించి తలుపు వేస్తే, తను వదిలిన వేడినే తను పీల్చుకుంటూ కరెంటు బిల్లు పెంచుతుంది.

ఆవిరి తెచ్చే రెండో చిక్కు ఉప్పు. నీరు పోతుంది, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న 200 లీటర్ల తొట్టిలో 20 లీటర్లు ఆవిరయ్యాయనుకోండి. మిగిలిన నీటిలో ఉప్పు లీటరుకు దాదాపు 39 గ్రాములు అవుతుంది. ఎండాకాలంలో పెళ్లికని ఊరెళ్లి నాలుగు రోజులు ఉండి వస్తే ఇలా జరగవచ్చు. ఆ తగ్గుదలను పూడ్చాల్సింది మంచినీళ్లతో. ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే ఉన్న ఉప్పుకు ఇంకా ఉప్పు చేర్చినట్టే. నీటి మట్టం తగ్గగానే తనంతట తానే మంచినీళ్లు పోసే, ఫ్లోటు ఉన్న ఆటో టాప్ అప్ పెట్టుకోండి. అది ఖరీదైన లైటు కన్నా ఎక్కువ పగడాలను కాపాడుతుంది.

ఆ మంచినీళ్లు ఎక్కడివి? బోరు నీటిలో గట్టిదనం ఎక్కువ, నైట్రేటూ ఉండవచ్చు. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. వంటింటి ఆర్‌ఓ ఉంది కదా అంటారు. అందులోనే తిరకాసు. తాగడానికి రుచిగా ఉండాలని చాలా ఇంటి ఆర్‌ఓలు ఖనిజాలను తిరిగి కలుపుతాయి, లేదా టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్‌తో కొంత నీటిని పూర్తిగా వడకట్టకుండానే వదులుతాయి. మనకు కావలసింది ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ గొట్టం కూడా దాటి వచ్చిన నీరు. టీడీఎస్ మీటరు పెడితే సున్నా చూపాలి. ఆ నీటిలో కలపాల్సింది పగడాల తొట్టికని అమ్మే ఉప్పు మిశ్రమం, అంటే రీఫ్ సాల్ట్ మాత్రమే. వంటింటి ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ లేకుండా సముద్రపు నీరు కాదు.

అంకెలంటారా, నా దగ్గర పొడవాటి పట్టిక లేదు. ఆల్కలినిటీ (నీటిలో బైకార్బొనేట్ వంటి క్షారాల కొలత) 8 డీకేహెచ్ (దాని ప్రమాణం), కాల్షియం 420 పీపీఎం (పది లక్షల్లో వంతులు), మెగ్నీషియం 1300, వీటికి అటూ ఇటూ ఎక్కడున్నా పర్వాలేదు, నిలకడగా ఉండాలి. సోమవారం 7, గురువారం 10 అయిన ఆల్కలినిటీ కన్నా ఎప్పుడూ 7 దగ్గరే ఉండేది మేలు. ఫాస్ఫేట్, నైట్రేట్ సున్నాకు దింపాలని పట్టుబట్టకండి. అవి బొత్తిగా లేని తొట్టిలో పగడాలు వెలవెలబోతాయి, డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల జిగురు పరుచుకుంటుంది. నీటిలోని మలినాలను నురగతో పైకి తీసే ప్రొటీన్ స్కిమ్మర్ సంగతి రెండు మాటల్లో: పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురగను గరిటెతో తీసేస్తాం చూడండి, అదే పని.

కొత్త తొట్టి నింపిన వెంటనే చేపలు తెచ్చే తొందర మనలో చాలామందికి ఉంది. చేపల మలినాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కొన్ని నెలలు గోధుమరంగు పొర, ఆకుపచ్చ జుట్టులాంటి నాచు వంతులవారీగా వచ్చి పోతాయి. ఈ దశలో దుకాణదారు అమ్మే మందు సీసాలకు ఆశపడకండి. రాగి ఉన్న మందు చేప రోగానికి పని చేస్తుంది కానీ పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది. చేపకు జబ్బు చేస్తే చికిత్స వేరే తొట్టిలోనే.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఏది ఉంచాలి? లైటు కాదు. ఒకరోజు చీకట్లో ఉంటే పగడానికి ఏమీ కాదు. నీటి కదలిక ఆగితే మాత్రం గంటల్లోనే ప్రాణవాయువు తగ్గుతుంది. నీటిని కదిలించే డీసీ వేవ్ మేకర్ పంపుకు కొద్ది వాట్లు చాలు, దాన్ని ముందు ఇన్వర్టర్‌కు కలపండి. చిల్లర్‌ను మామూలు ఇన్వర్టర్ మోయలేదు. అందుకని ఫ్రిజ్‌లో డీఐ నీళ్లు గడ్డకట్టించిన సీసాలు సిద్ధంగా ఉంచి, అవసరమైతే మూత తీయకుండా సంపులో (పెద్ద తొట్టి కింద ఉండే వడపోత తొట్టిలో) వేయండి.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట. ఫోనులో చూసి మీరు మనసు పారేసుకునే కొమ్మల పగడాలు, అంటే ఆక్రోపోరా వంటి రాతి పగడాలు, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. బతికినదే కాదు, రామేశ్వరం వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఎండు కంకాళమైనా అంతే. విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్ పగడాలదీ అదే దారి. దొంగచాటుగా దొరుకుతాయన్నది నాకు తెలియక కాదు. మన్నార్ సింధుశాఖలో కొట్టి తెచ్చిన ముక్కను ఇంట్లో పెట్టి ప్రకృతి ప్రేమికులమని చెప్పుకోవడం నాకు రుచించదు. రాయి కావాలంటే సెరామిక్ రాయి కొనండి, లేదా సిమెంటుతో చేసి వారాల తరబడి నానబెట్టి, నీటి పీహెచ్ దిగాక వాడండి. ప్రాణులు కొనేటప్పుడు బిల్లు, కాగితాలు అడగండి. అనుమానం వస్తే అటవీశాఖ వారిని ముందే అడిగి తెలుసుకోండి.

అలాగైతే రంగులేవంటారా? మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు ఉన్నాయి; మెత్తని పగడాల్లో లెదర్, జీనియా ఉన్నాయి. మొదటి రెండూ వర్గీకరణ ప్రకారం అసలు పగడాలే కావు, కానీ రంగులో వాటికేమీ లోటు లేదు. జోయాంథిడ్‌ను దగ్గరగా చూడండి: చిటికెన వేలి గోరంత పళ్లెం, మధ్యలో నారింజ రంగు నోరు, దాని చుట్టూ ఆకుపచ్చ వలయం, అంచున వెంట్రుకల్లా కదిలే ఊదా టెంటకిల్స్. నీలి లైటు కింద అవి మండుతున్నట్టు కనిపించడానికి కారణం ఆ మాస్కో ప్రొటీన్ చుట్టాలే, నీలి వెలుగును మింగి వేరే రంగులో వదులుతాయి. దుకాణాల్లో అచ్చంగా నీలి లైటే వేస్తారు కనుక, కొనేముందు తెల్ల లైటు వేయించి చూడండి.

వీటితో ఒక ప్రమాదం కూడా ఉంది. కొన్ని జోయాంథిడ్‌లలో, ముఖ్యంగా వాటిలో పాలీథోవా అనే రకంలో, పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ముక్కలు కోసేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వంటింట్లో మరిగించకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో జరిగాయి. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలిసి ఉండాలి.

చేపల్లో క్లౌన్ చేపే సరి. వీటిని తొట్టిలోనే పొదిగించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఎప్పుడో సాధించింది, కాబట్టి సముద్రంలో పట్టినదాన్ని కొనాల్సిన పని లేదు. రెండు చిన్నవి తెచ్చుకుంటే పెద్దది ఆడదవుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. ఆడది పోతే మగదే ఆడదిగా మారుతుంది. జత కుదర్చడానికి మనం జాతకాలు చూడనక్కర్లేదు.

మీలో కొందరు సీసాల్లో తొట్టి నీళ్లు తెచ్చారు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచేసి బల్ల మీద పెట్టాను. మీ ఇంట్లో వచ్చిన అంకెను ముందు సీసా మీద రాసి, తర్వాత ఇక్కడ చూసుకోండి. తేడా రెండుకు మించి వచ్చినవారు ముందు నా దగ్గరికి రండి, మిగతా ప్రశ్నలు టీ తర్వాత.