కార్టూన్ గీస్తే కేసు, మరి నాయకుడు నోరు జారితే?

[హన్మకొండ చౌరస్తా. టీ కొట్టు బల్ల మీద మడిచిన పేపర్.]

మా బాపుకి పేపర్ రాగానే ముందు కార్టూన్ కావాలి. దాన్ని చూసి నవ్వుకున్నాకే హెడ్డింగులు. మొన్న ఇక్కడ టీ తాగుతుంటే ఒకాయన కార్టూన్ చూపించి, "ఇట్ల గీసినోళ్ల మీద కేసులు పెడతరు. మరి మైకు దొరికితే నోటికొచ్చింది మాట్లాడే లీడర్ల సంగతేంది?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

రాజ్యాంగంలో ఇద్దరికీ ఉన్నది ఒకే హక్కు, 19(1)(ఎ) అధికరణం ఇచ్చే మాట్లాడే స్వేచ్ఛ. హద్దులూ ఒకటే, 19(2)లో ఉన్నాయి: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం లాంటివి. నాయకుడికి కోపం రావడం ఆ జాబితాలో లేదు. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఉంది. మాటతోనే కాదు, బొమ్మతో పరువు తీసినా వర్తిస్తుంది. అయితే ప్రజా వ్యవహారాల్లో ఒకరి నడవడి మీద సదుద్దేశంతో అభిప్రాయం చెబితే నేరం కాదని అదే సెక్షన్ అంటుంది. కార్టూనిస్టు బతికేది ఆ సందులోనే.

[అసెంబ్లీ బొమ్మ.]

తేడా అంతా నాయకుడు ఎక్కడ నిలబడి మాట్లాడాడన్న దాంట్లో ఉంది. అసెంబ్లీలో అన్న మాటకి ఎమ్మెల్యేని కోర్టుకి లాగలేరు, 194వ అధికరణం ఆయనకు రక్ష. మరీ శ్రుతి మించితే స్పీకర్ ఆ మాటల్ని రికార్డుల నుంచి తీసేస్తారు. (మనం లైవ్‌లో వినేశాక అనుకోండి!)

ఇంత రక్షణ ఉన్న సభే ఒక కార్టూన్‌కి ఉలిక్కిపడింది. 1987లో తమిళ పత్రిక ఆనంద వికటన్ అట్ట మీద ఒక జోకు వేసింది. వేదిక మీద ఇద్దరున్నారు, ఎమ్మెల్యే ఎవరు, మంత్రి ఎవరు? జేబుదొంగలా ఉన్నాయన ఎమ్మెల్యే, ముసుగుదొంగలా ఉన్నాయన మంత్రి. అంతే, తమిళనాడు అసెంబ్లీ సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కి 3 నెలల జైలు వేసింది. కోర్టు విచారణ లేదు, సభా హక్కుల పేరు చెప్పారు, సరిపోయింది. దేశమంతా గగ్గోలు పుట్టేసరికి కొద్ది రోజుల్లోనే వదిలేశారు. 1994లో మద్రాస్ హైకోర్టు ఆ అరెస్టు చెల్లదని చెప్పి రూ.1,000 పరిహారం ఇప్పించింది.

[సిరిసిల్ల, ప్రెస్‌మీట్ మైకులు.]

ఎన్నికలొస్తే లెక్క మారుతుంది. కులం, మతం పేరు చెప్పి ఓటడిగితే, ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద గెలిచిన సీటే పోవచ్చు. దూరమెందుకు, 2024 ఏప్రిల్ 5న సిరిసిల్ల ప్రెస్‌మీట్‌లో కాంగ్రెస్ మీద అన్న మాటలకు కేసీఆర్ ప్రచారాన్ని ఎన్నికల సంఘం 48 గంటలు ఆపింది. మే 1 రాత్రి 8కి మొదలైంది ఆ నిషేధం. ఏప్రిల్ 5 మాటకి మే 1న శిక్ష! ఈలోగా ఎన్ని సభలు అయిపోయాయో.

మరి మంత్రుల మాటో? 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది: మంత్రి అయినంత మాత్రాన 19(2)లో లేని కొత్త ఆంక్షలు పెట్టలేం, ఆయన అన్నదాన్ని ప్రభుత్వానికి అంటగట్టలేం. రెండో మాటకి జస్టిస్ నాగరత్న ఒప్పుకోలేదు. మంత్రి ప్రభుత్వ వ్యవహారం మీద, ప్రభుత్వ అభిప్రాయంగానే మాట్లాడితే అది ప్రభుత్వానిదే అవుతుందన్నారు. నాకైతే ఆమె వాదనే సబబుగా అనిపిస్తుంది. కార్టూనిస్టులు కూడా మంత్రి నోట్లోంచి వచ్చిన మాటని ఎప్పుడూ ప్రభుత్వం ఖాతాలోనే వేస్తారు మరి.