తోమిన వెండి రూపాయికి ధర ఎందుకు తగ్గుతుంది?

నిర్వాహకురాలు: తాతగారి పెట్టెలోని వెండి రూపాయలను అమ్మబోతే, వర్తకుడు చూసీ చూడగానే ‘ఇవి తోమిన నాణేలండీ’ అని ధర తగ్గించాడని హైదరాబాదు నుంచి ఒక ప్రేక్షకురాలు రాశారు. ఏటా లక్ష్మీపూజకు వాటిని చింతపండుతో, పాత్రల పొడితో తోమి పీట మీద పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. తళతళలాడే నాణేనికి విలువ ఎందుకు తగ్గాలి?

సంరక్షణ నిపుణురాలు: తళతళ వేరు, టంకశాలలో వచ్చిన మెరుపు వేరు. అచ్చులు వెండి బిళ్లను బలంగా నొక్కినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పారి, కంటికి ఆనని సన్నని గీతలు ఏర్పడతాయి. నాణేన్ని దీపం కింద వంచి తిప్పినప్పుడు వెలుగు దాని ముఖం మీద చక్రంలా తిరిగేది వాటి వల్లనే. సేకర్తలు లస్టర్ అనేది దీనినే. పొడితో రుద్దితే ఆ గీతలు అరిగిపోయి, రుద్దిన దిక్కుకు సాగే గీరలు మిగులుతాయి. ఇక నలుపు పైనుంచి పడిన మురికి కాదు. గాలిలోని గంధకంతో నాణెపు వెండే కలిసి సిల్వర్ సల్ఫైడుగా మారిన పొర. అందువల్ల నలుపు వదిలించిన ప్రతిసారీ కొంత వెండి కూడా పోతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల చిట్కా సల్ఫైడును తిరిగి వెండిగా మారుస్తుందన్నది నిజమే గాని, దానితోనూ పోయిన లస్టర్ తిరిగి రాదు.

నిర్వాహకురాలు: అయితే తోమినవన్నీ కరిగించడానికేనా?

వర్తకుడు: ఎంతమాత్రం కాదండీ. విక్టోరియా, ఐదవ జార్జి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం, అంటే సుమారు 10.7 గ్రాములు స్వచ్ఛమైన వెండి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు, చార్మినారు బొమ్మ ఉన్న రూపాయిలో వెండి 81.8 శాతం. తోమినా ఈ విలువకు పెద్దగా లోటు రాదు. 1862, 1919 వంటి తేదీలతో విరివిగా దొరికే రూపాయలు చేతులు మారి అరిగినవైతే వాటి లస్టర్ ఎప్పుడో పోయింది కాబట్టి, ధర ఎలాగూ వెండిని బట్టే పలుకుతుంది. వాడకంలోకి రాకుండానే పెట్టెలోకి చేరిన నాణేన్ని తోమినప్పుడే అసలు నష్టం.

సేకర్త: ఇక్కడ నేను పూర్తిగా ఏకీభవించలేను. అరిగిన నాణెంలోనూ అక్షరాల సందుల్లో నిలిచిన నలుపే రాతను ఎత్తి చూపుతుంది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయిపై చార్మినారు ద్వారంలో ఉన్న, ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ‘ఐన్’ను తోమిన నాణెంలో ఒకసారి వెతికి చూడండి. అరుదైన వాటి లెక్క మరొకటి. ఐదవ జార్జి రాజవస్త్రం మీది ఏనుగు పందిలా కనబడుతున్నదన్న అభ్యంతరంతో ఉపసంహరించిన 1911 రూపాయిని తోమినా కొనేవారుంటారు. 1939 నాటి ఆరవ జార్జి రూపాయికి మాత్రం నకిలీలు తిరుగుతున్నాయి. ఉపరితలం చెడితే అసలుదని నిరూపించే ఆనవాళ్లలో కొన్ని పోయినట్టే.

నిర్వాహకురాలు: నాణేలను పరీక్షించి వాటి స్థితికి అంకె వేసే గ్రేడింగు సంస్థలు ఏమంటాయి?

సేకర్త: ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి అమెరికా సంస్థలు 1 నుంచి 70 వరకు అంకెలు ఇస్తాయి గాని, తప్పుగా తోమినట్టు తేలితే అంకె ఇవ్వకుండా ‘డీటైల్స్’ అని రాసి, కారణం కూడా పేర్కొంటాయి. అసలుదన్న ధ్రువీకరణ దక్కుతుంది, మేలైన నాణెపు ధర దక్కదు.

వర్తకుడు: మా వృత్తిలోనూ రసాయనంలో ఒక్క క్షణం ముంచి ‘తోమలేదు’ అని అమ్మేవారున్నారని ఒప్పుకోవాలి. అది గీరలు పడనివ్వదు గాని, పదేపదే ముంచితే నాణెం నిర్జీవంగా తెల్లబడుతుంది. కాసులపేరు కోసం రింగు అతికించి, తరువాత తీసేసిన కాసులకైతే తోమిన వాటికంటే ఎక్కువ కోత పడుతుంది.

నిర్వాహకురాలు: ఆ ప్రేక్షకురాలు ఇప్పుడేం చేయాలి?

సంరక్షణ నిపుణురాలు: ముందు తోమడం ఆపాలి. మళ్లీ నల్లబరచడానికి గంధకం పూయడం వంటి ప్రయోగాలూ వద్దు, అనుభవజ్ఞులు దానిని పట్టేస్తారు. పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో ఉంచిన నాణేలకు ఆకుపచ్చ జిగురు పట్టి ఉంటే, దానికి అసిటోన్ అనే ద్రావకం, స్వచ్ఛమైనది, సరిపోతుంది. అది వెండిని తాకదు, అయితే దీపానికి దూరంగా, గాలి ఆడే చోట వాడాలి. భూమిలోంచి తీసిన శాతవాహనుల సీసపు నాణేల వంటివి వేరే సంగతి, వాటిని శుభ్రపరచడం ప్రయోగశాల పని.

సేకర్త: పూజకు ఇదివరకే తోమిన రెండు మూడింటిని కేటాయించి, తక్కినవాటిని అంచులతో మాత్రమే పట్టుకుని విడివిడిగా భద్రపరిస్తే ఆచారానికీ లోటు రాదు.

నిర్వాహకురాలు: విదేశంలో ఉన్న పిల్లలు తమతో తీసుకువెళ్లి అక్కడే గ్రేడింగు చేయించవచ్చునా?

వర్తకుడు: వందేళ్లు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది, దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి పెట్టెలో 1862, 1919 నాటి రూపాయలుంటే వాటికి ఆ మార్గం లేదు.