వేగాన్ని ఎవరు పట్టుకున్నారు: ఆటోపైలట్, ఆటోథ్రాటిల్, ఆటోలాండ్

అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు, వీలు చేసుకుని వచ్చిన నల్లగొండ పెద్దలకు నమస్కారం.

శంషాబాద్ విమానాశ్రయపు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. పడమటి గాలి వీచే రోజుల్లో విమానాలు తూర్పు నుంచి, అంటే మన జిల్లా దిక్కు నుంచి, దిగుతూ వెళ్లి నేలను తాకుతాయి. వాటిని చూసిన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న, అది తనంతట తానే పోతుందా, పైలట్ నడుపుతున్నాడా అని. దీనికి ఒక్క మాటలో జవాబు ఇవ్వడం కుదరదు. యంత్రం దేన్ని కొలుస్తున్నదో, కొలిచిన దాన్ని బట్టి ఏ మీటను కదిలిస్తున్నదో తెలిసిన తర్వాతే జవాబు దొరుకుతుంది కనుక ఆ వరుసలోనే చెబుతాను.

1914 జూన్‌లో ప్యారిస్ సమీపంలో సీన్ నది మీద లారెన్స్ స్పెర్రీ అనే అమెరికన్ యువకుడు తన విమానాన్ని చేతులు పైకెత్తి నడిపి చూపించాడు. అతని మెకానిక్ రెక్క మీదికి నడిచి వెళ్లినా విమానం ఒరిగిపోలేదు. వేగంగా తిరిగే చక్రం తన అక్షం దిశను మార్చుకోవడానికి ఒప్పుకోదనే గైరోస్కోప్ సూత్రమే దానికి ఆధారం. నేటి విమానాల్లో తిరిగే చక్రం స్థానంలో, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు లేజర్ కిరణాల తేడాను కొలిచే పరికరాలు వచ్చాయి కానీ, అవి చేసే పని మాత్రం అదే: విమానం ముక్కు ఎంత పైకెత్తి ఉందో, రెక్కలు ఎంత ఒరిగాయో నిరంతరం చెప్పడం.

ఆటోపైలట్‌లో, కొలిచి సరిచేసే రెండు వలయాలు ఒకదాని లోపల ఒకటిగా ఉంటాయి. లోపలి వలయం విమానపు భంగిమను చూసుకుంటుంది. ముక్కు 3 డిగ్రీలు పైకి ఉండాలని ఆజ్ఞ వస్తే, ఉన్న కోణానికీ ఉండవలసిన కోణానికీ తేడాను లెక్కగట్టి తోకలోని ఎలివేటర్‌ను, అంటే ముక్కును ఎత్తి దించే కదిలే పలకను, అంతమేరకు కదిలిస్తుంది. బయటి వలయం ఎత్తునో దిశనో చూసి ఆ ఆజ్ఞను తయారు చేస్తుంది. 35,000 అడుగుల దగ్గర ఉండవలసిన విమానం 40 అడుగులు దిగితే బయటి వలయం ముక్కును కొద్దిగా ఎత్తమంటుంది, లోపలి వలయం ఎత్తుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తక్కువ వేగంలో ఎలివేటర్‌ను ఒక డిగ్రీ కదిలిస్తే కలిగే ఫలితం వేరు, ఎక్కువ వేగంలో అదే ఒక డిగ్రీ కలిగించే ఫలితం వేరు. వేగంతో ఎదురుగాలి ఒత్తిడి పెరిగిన కొద్దీ అదే కదలికకు విమానం మరింత బలంగా స్పందిస్తుంది. అందువల్ల కంప్యూటర్ వేగాన్ని బట్టి తన చేతి బలాన్ని తగ్గించుకుంటూ, పెంచుకుంటూ ఉండాలి. అది సరిగా కుదరకపోతే విమానం ఒక ఎత్తు దగ్గర నిలవక పైకీ కిందికీ ఊగుతుంది. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య ఎదురెదురుగా పోయే విమానాలకు నడుమ 1,000 అడుగుల ఎడమే ఉంటుంది కనుక, ఆ ఎత్తుల్లో ఎత్తును యంత్రమే పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి.

ఇప్పుడు ఇంజిన్ శక్తిని తనంతట తానే మార్చే ఆటోథ్రాటిల్ సంగతికి వస్తాను. నా దృష్టిలో మొత్తం విషయంలో అతి ముఖ్యమైనదీ, అతి తక్కువగా అర్థమయ్యేదీ ఇదే. పైలట్ చేతిలో ముఖ్యంగా రెండు సాధనాలున్నాయి, ముక్కు కోణం ఒకటి, ఇంజిన్ శక్తి మరొకటి. అతను పట్టుకోవలసినవీ రెండే, వేగం, దారి. వేగాన్ని ముక్కుతోనైనా పట్టవచ్చు, ఇంజిన్‌తోనైనా పట్టవచ్చు. పైకెక్కేటప్పుడు ఇంజిన్లు ఒక స్థిరమైన శక్తి దగ్గర ఉంటాయి, ఆటోపైలట్ ముక్కును ఎత్తుతూ దించుతూ వేగాన్ని కాపాడుతుంది. ఒక ఎత్తులో నిలకడగా పోయేటప్పుడు ముక్కు ఎత్తును కాపాడుతుంది, ఆటోథ్రాటిల్ ఇంజిన్ శక్తిని మారుస్తూ వేగాన్ని కాపాడుతుంది. ఈ బాధ్యతలు ఒక స్థితి నుంచి మరొక స్థితికి చేతులు మారుతున్నప్పుడు, ఏ క్షణాన ఎవరి దగ్గర ఏది ఉందో పైలట్ ముందున్న తెర పైభాగంలో చిన్న అక్షరాలతో కనిపిస్తుంది. ఆ అక్షరాలను చదవడం, చదివినదాన్ని పక్క పైలట్‌కు వినిపించేలా పలకడం, విమానం నడపడంలో ఇవాళ ప్రధానమైన పని.

1990 ఫిబ్రవరి 14న ముంబయి నుంచి బెంగళూరుకు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ320 విమానం రన్‌వే చేరకముందే నేలకు తగిలి 92 మంది చనిపోయారు. రన్‌వేకు సమీపిస్తూ ఉండగా విమానం ఇంజిన్లను కనిష్ఠ శక్తికి తగ్గించే ‘ఓపెన్ డిసెంట్’ స్థితిలో ఉండిపోయింది. ఆ స్థితిలో వేగాన్ని పట్టవలసినది ముక్కు; కానీ దిగే దారిని నిలబెట్టుకునేందుకు ముక్కు పైకి లేస్తూ ఉంటే వేగాన్ని పట్టేవారు ఎవరూ మిగలలేదు. పైలట్లు గ్రహించి శక్తిని పెంచేసరికి ఆలస్యమైపోయింది. ఏ320లో ఆటోథ్రాటిల్ పని చేస్తున్నప్పుడు థ్రస్ట్ లివర్లు, అంటే ఇంజిన్ శక్తిని మార్చే మీటలు, కదలవు, బోయింగ్ విమానాల్లో మోటార్ల ద్వారా లివర్లు కూడా కదులుతాయి. ఏది మేలన్న వాదం ఇప్పటికీ ఉంది. చేతికి తెలిసే కదలిక ఉండడమే మంచిదని నేను నమ్ముతాను.

అయితే లివర్లు కదిలినంత మాత్రాన ప్రమాదం తప్పిపోతుందని కాదు. 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగబోతున్న టర్కిష్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737లో, నేల నుంచి ఎత్తును కొలిచే ఎడమవైపు రేడియో ఆల్టిమీటర్ దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉండగానే మైనస్ 8 అడుగులు అని చూపింది. ఆటోథ్రాటిల్ ఆ అంకెనే నమ్మి, విమానం నేలకు చేరిందనుకుని ఇంజిన్లను తగ్గించింది. ఆటోపైలట్ మాత్రం కుడివైపు ఆల్టిమీటర్ చెప్పిన సరైన ఎత్తును తీసుకుని, దిగే దారిని కాపాడేందుకు ముక్కును ఎత్తుతూ పోయింది. విమానం వేగం కోల్పోయి పొలంలో పడింది, 9 మంది చనిపోయారు. మన పల్లెల్లో బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టర్ కరెంటు వచ్చిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది, బోరులో నీళ్లున్నాయో లేవో చూడదు, కాబట్టి నీళ్లు లేని వేళ మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. ఆ ఆటోథ్రాటిల్ కూడా అంతే, తనకు అందిన ఒక్క కొలత మేరకు తన పనిని తప్పు లేకుండా చేసింది.

ఇక ఆటోలాండ్, అంటే విమానం తనంతట తానే నేలకు దిగడం. విమానాశ్రయంలోని యాంటెన్నాలు పంపే రేడియో కిరణాలే దీనికి దారి. లోకలైజర్ అనే యాంటెన్నా 90, 150 హెర్ట్జ్ స్వరాలు కలిపిన రెండు కిరణాలను పక్కపక్కన పంపుతుంది. దిగుతున్న విమానం రన్‌వే మధ్యరేఖకు ఎడమన ఉంటే 90 బలంగా, కుడిన ఉంటే 150 బలంగా వినిపిస్తుంది, రెండూ సమానమైతే రేఖ మీద ఉన్నట్టు. గ్లైడ్ స్లోప్ అనే మరో యాంటెన్నా అదే పద్ధతిలో సుమారు 3 డిగ్రీల వాలును చూపుతుంది. ఈ కిరణాలను దగ్గరలో నిలిచిన విమానమో లారీయో వంచగలదు. అందుకే పొగమంచు వేళ ఇతర విమానాలను రన్‌వేకు మామూలు కంటే దూరంగా నిలుపుతారు, రాకపోకల మధ్య ఎడం పెంచుతారు.

చివరి అడుగుల్లో గాలి పీడనంతో కొలిచే ఎత్తు పనికిరాదు. శంషాబాద్ సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల పైన ఉంది, సముద్రమట్టానికి సరిచేసిన ఆ పరికరం చక్రాలు నేల మీద ఉన్నప్పుడు కూడా ఇంచుమించు ఆ అంకెనే చూపుతుంది. రేడియో ఆల్టిమీటర్ నేల మీదికి తరంగాన్ని పంపి, అది తిరిగి వచ్చిన తీరును బట్టి నేరుగా నేల నుంచి ఎత్తును చెబుతుంది. సుమారు 50 అడుగుల దగ్గర ఆటోపైలట్ ముక్కును నెమ్మదిగా ఎత్తడం మొదలుపెడుతుంది, ఆటోథ్రాటిల్ ఇంజిన్లను తగ్గిస్తుంది, నిమిషానికి 700 అడుగులకు పైగా ఉన్న దిగుదల చక్రాలు ఓర్చుకునే మేరకు తగ్గుతుంది. తాకిన తర్వాత లోకలైజర్ ఆధారంతోనే విమానం మధ్యరేఖ మీద పరుగెత్తుతుంది.

ఆ కొన్ని క్షణాల్లో ఒక కంప్యూటర్ చెడితే సరిచేసే వ్యవధి మనిషికి ఉండదు కనుక, దట్టమైన పొగమంచులో దిగే విమానాల్లో ఒక వ్యవస్థ తప్పుకున్నా మిగిలినవి ల్యాండింగ్‌ను పూర్తిచేసేలా, రెండు మూడు వ్యవస్థలు ఒకదాన్ని ఒకటి గమనిస్తూ పని చేస్తాయి. లండన్ మంచు బ్రిటిష్ ఇంజనీర్లను ఈ పనికి పురికొల్పింది. ప్రయాణికులున్న ట్రైడెంట్ విమానం 1965 జూన్ 10న హీత్రోలో ఆటోమేటిక్‌గా దిగింది. మన దేశంలో ఢిల్లీలో కేటగిరీ 3బి, అంటే చూపు బాగా తక్కువగా ఉన్నప్పుడు దిగే పద్ధతి, కింద రన్‌వే మీద 50 మీటర్లే కనిపిస్తున్నా దిగడానికి వీలుంది, అయితే విమానానికీ పైలట్లకూ విడిగా అనుమతులుండాలి. ప్రపంచంలో అత్యధిక ల్యాండింగులు మాత్రం ఇప్పటికీ పైలట్ చేతులతోనే జరుగుతున్నాయి. నేటి విమానాలు నేల నుంచి లేచేది కూడా పైలట్ చేతులతోనే, పైకి లేచిన తర్వాతే ఆటోపైలట్‌ను కలుపుతారు.

ఢిల్లీ మంచులో అలా దిగిన విమానం రన్‌వే మధ్యరేఖ మీద వేగం తగ్గించుకునే వరకే యంత్రం పని. అక్కడ ఆటోపైలట్‌ను విడదీసి, 50 మీటర్ల చూపుతో నేల మీది దీపాలను ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ, రన్‌వే నుంచి గేటు వైపు పోయే ఏ దారిలోకి (టాక్సీవేలోకి) మళ్లాలో తేల్చుకుని విమానాన్ని గేటు దాకా తీసుకుపోవలసింది పైలట్లే.