పాత పెద్ద సెడాన్‌ను ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది కొత్త కార్లే నడుపుతారు. లీజు ముగియగానే పాతది అప్పగించి ఇంకొకటి తెచ్చుకుంటారు. కాని చదువు కోసం వచ్చిన పిల్లలు, ఉద్యోగంలో చేరి ఏడాది తిరగనివారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు ఇంట్లో రెండో బండి కావలసివచ్చేవారు కొనేది వేరే రకం. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్, బ్యూయిక్ లెసాబర్ వంటి పెద్ద సెడాన్లు ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతున్నాయి. వాటిలో చాలావరకు రిటైరైన దంపతులు గరాజులో పెట్టి జాగ్రత్తగా వాడుకున్నవే. వాటిని ఇంటి దగ్గరే బాగుచేసుకుంటూ ఎన్నేళ్లు నడపవచ్చునన్నదే నేటి నా విషయం. నేను చెప్పదలచింది ముందే చెబుతాను. ఇటువంటి కారు ఆయుష్షు నిర్ణయమయ్యేది బానెట్ కింద కాదు, నేలకు కనిపించే వైపున. ఇంజను లోపాలలో చాలా భాగం మన చేతికి అందేవే. తుప్పును మాత్రం వచ్చాక బాగుచేయలేము, రాకముందే ఆపాలి.

ముందు ఈ బండ్ల నిర్మాణం గురించి కొంచెం. క్రౌన్ విక్టోరియా, గ్రాండ్ మార్క్విస్, లింకన్ టౌన్ కార్ మూడూ పాంథర్ అని పిలిచే ఒకే చట్రం మీద తయారయ్యాయి. 1979 మోడళ్లతో మొదలైన ఆ చట్రం 2011 దాకా కొనసాగింది. చివరి క్రౌన్ విక్టోరియా 2011 సెప్టెంబరు 15న, మన సరిహద్దుకు అవతల ఒంటారియోలోని సెయింట్ థామస్ కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. దాదాపు 5.4 మీటర్ల పొడవు, ముందు 4.6 లీటర్ల వీ8 ఇంజను (నాలుగేసి సిలిండర్లు రెండు వైపులా ఉన్నది), వెనుక చక్రాలకు శక్తి, కింద లారీకి ఉన్నట్టు విడి ఫ్రేము, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ. ఇంత పొడవైన బండిలో ఇంజను బండి పొడవు వెంబడి కూర్చోవడం వల్ల పక్కల చోటు మిగులుతుంది. అంబాసిడర్ బానెట్ ఎత్తి పని చేసిన అలవాటున్న పెద్దలెవరైనా ఇక్కడ ఉంటే, చెయ్యి పట్టేంత చోటు ఎంత విలువైనదో వారికి వేరే చెప్పనక్కరలేదు. దశాబ్దాల పాటు పోలీసు శాఖలూ ట్యాక్సీ కంపెనీలూ ఈ బండ్లనే వాడాయి కాబట్టి విడిభాగాలకూ కొరత లేదు, వీటి లోపాలలో తెలియనివంటూ పెద్దగా మిగలలేదు. పాత బండి ఎంచుకునేటప్పుడు నేను మైలేజీ కంటే ఎక్కువగా చూసేది ఇదే: దాని జబ్బులన్నీ ఇప్పటికే లోకానికి తెలిసి ఉండాలి.

ఈ దేశంలో పాత బండి నడపడం వింత కూడా కాదు. 2024 లెక్కల ప్రకారం అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లు, చిన్న ట్రక్కుల సగటు వయస్సు 12.6 ఏళ్లు. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మే ప్రతి కారులోనూ ఓబీడీ-2 అనే పరీక్షా వ్యవస్థ తప్పనిసరి కావడంతో, డ్యాష్‌బోర్డు కింద ఉన్న సాకెట్టుకు చిన్న పరికరం తగిలిస్తే ఇంజను కంప్యూటరు తన ఫిర్యాదును సంకేతంగా చెబుతుంది. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు, మరమ్మతు సమాచారాన్ని యజమానులకూ బయటి మెకానిక్కులకూ ఇవ్వాలనే మరమ్మతు హక్కు చట్టాన్ని భారీ ఆధిక్యంతో ఆమోదించాక, 2014లో కార్ల తయారీ సంస్థలు ఆ సమాచారాన్ని దేశమంతటా ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. చాలా పబ్లిక్ లైబ్రరీలు కార్డు ఉన్నవారికి మరమ్మతు పుస్తకాలను ఉచితంగా చూసుకోనిస్తాయి. విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్టు కట్టి పనిముట్లు తెచ్చుకుని, పని అయ్యాక తిరిగి ఇచ్చి డబ్బు వాపసు తీసుకోవచ్చు. ఇన్ని సౌకర్యాలు చేతికి అందేంత దూరంలో ఉండగా, ప్రతి చిన్న పనికీ గంటల లెక్కన కూలీ కట్టడం నాకు సబబుగా తోచదు.

అయితే కంప్యూటరు చెప్పే సంకేతం రోగం పేరు కాదు, లక్షణం మాత్రమే. చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు కాబట్టి ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. ఈ వీ8 ఇంజన్లలో చెక్ ఇంజన్ దీపం వెలిగి, పీ 0171, పీ 0174 అనే రెండు సంకేతాలు కలిసి వచ్చాయనుకుందాం. ఇంజను రెండు వైపులా పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు ఎక్కువైందని వాటి అర్థం. ఆ మాట వినగానే ఆక్సిజన్ సెన్సర్లు మార్చేవారున్నారు. ఒక వైపు మాత్రమే సంకేతం వస్తే ఆ వైపు సెన్సరును అనుమానించడంలో అర్థముంది. రెండు వైపులా ఒకేసారి వచ్చినప్పుడు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటు ఏదో వెతకాలి. ఈ బండ్లలో ఆ చోటు చాలాసార్లు, ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ వెనుక ఉంటుంది. ఇంజను అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేసులోని ఆవిరిని తిరిగి ఇంజనులోకి తెచ్చే గొట్టం చివర మోచేయిలా వంగిన చిన్న రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి నూనె ఆవిరీ వేడీ తగిలి అది మెత్తబడుతుంది, అడుగు వైపు చీలుతుంది; పైనుంచి చూస్తే ఏ లోపమూ కనిపించదు. ఇంజను నిలకడగా తిరుగుతున్నప్పుడు చెవి దగ్గర పెడితే సన్నని బుస వినిపిస్తుంది, వేళ్లతో నొక్కితే జిగురుగా తగులుతుంది. కొన్ని డాలర్ల ఆ ముక్క మారిస్తే దీపం ఆరుతుంది. సెన్సర్లు మార్చినవారికి మాత్రం వందల డాలర్లు ఖర్చయ్యాక కూడా అదే దీపం మళ్లీ వెలుగుతుంది.

ఇంతకంటే పెద్ద పని, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డుది. 1996 నుంచి 2001 వరకు వచ్చిన అనేక 4.6 లీటర్ల ఇంజన్లకు మానిఫోల్డును పూర్తిగా నైలాన్ మిశ్రమంతో చేశారు. దాని ముందు భాగంలో, బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటర్ వెనుక, ఇంజను రెండు వైపులనూ కలుపుతూ కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, ప్రవహించే మార్గం ఉంది. వేలసార్లు వేడెక్కి చల్లారిన ఆ ప్లాస్టిక్ అక్కడే పగులుతుంది. ఈ లోపం మీద యజమానులు కోర్టుకు వెళ్లగా పరిహారపు ఒప్పందం కూడా జరిగింది. తర్వాత వచ్చిన మానిఫోల్డులలో ఆ ముందు భాగాన్ని అల్యూమినియంతో చేశారు. మీరు కొనబోయే బండి ఆ ఏళ్లదైతే బానెట్ ఎత్తగానే అక్కడ లోహం ఉందా, నల్లటి ప్లాస్టిక్కే ఉందా చూడండి. ప్లాస్టిక్కే ఉండి, తియ్యటి వాసన వస్తూ, ట్యాంకులో కూలెంట్ వారం వారం తగ్గుతుంటే ఆ పని మీ కోసం కాచుకుని ఉన్నట్టే.

ఓపిక ఉన్నవారికి అది ఒక వారాంతం పని. ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. డిక్కీలో ఉన్న ఇంధన కటాఫ్ స్విచ్ కనెక్టరు తీసి, ఇంజను తిప్పి, లైనులో మిగిలిన పెట్రోలు ఒత్తిడి తగ్గించుకోవాలి; ఆ తర్వాత బ్యాటరీ తీగ తీయాలి. కూలెంట్‌ను వెడల్పాటి పళ్లెంలోకి దించి వెంటనే మూత పెట్టాలి. తియ్యగా ఉండే ఆ విషాన్ని పెంపుడు జంతువులు నాకుతాయి, పసిపిల్లలూ ముట్టుకుంటారు. ఆల్టర్నేటర్, స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్స్, పెట్రోలు చల్లే ఇంజెక్టర్ల రైలు వరుసగా తీసి, ప్రతి కనెక్టరుకూ టేపు ముక్క మీద పేరు రాసి, ప్రతి దశలోనూ ఫోనుతో ఫోటో తీసుకోవాలి. మానిఫోల్డు పైకి లేచాక సిలిండర్ హెడ్ల (సిలిండర్లను పైనుంచి మూసే భాగాల) రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కాలి, ఒక్క నట్టు లోపల పడినా పని పదింతలవుతుంది. అల్యూమినియం ముఖాన్ని ఇనుప పలకతో గీకకూడదు, ప్లాస్టిక్ పలక చాలు. కొత్తది కూర్చోబెట్టాక బోల్టులను పుస్తకంలో ఇచ్చిన వరుసలో, దశలవారీగా, బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చివర కూలెంట్, నీరు సమపాళ్లలో పోసి, హీటరు పూర్తిగా పెట్టి, గాలి బుడగలన్నీ బయటికి వచ్చేదాకా ఇంజను నడపాలి. ఈ పనిలో కఠినమైనదంటూ ఏదీ లేదు. తొందర ఒక్కటే పనికిరాదు.

స్పార్క్ ప్లగ్గుల విషయంలోనూ అదే ఓర్పు కావాలి. ఆ కాలపు హెడ్లలో ప్లగ్గును పట్టి ఉంచే మర చుట్లు నాలుగైదే కావడం వల్ల, వదులుగా ఉన్న ప్లగ్గు ఒత్తిడికి ఆ చుట్లతో సహా ఊడి బయటికి తన్నుకొచ్చిన సందర్భాలున్నాయి. చల్లని ఇంజను మీద, గుంటలోని దుమ్మును గాలితో ఊదేశాక, చేత్తో తిప్పి మర కుదిరిందని తెలిసిన తర్వాతే రెంచ్ వాడాలి. 2003 తర్వాతి కొన్ని మోడళ్లలో హెడ్‌లైట్లను నడిపే మాడ్యూల్ లోపల టంకం అతుకులు పగిలి, రాత్రిపూట ఉన్నట్టుండి దీపాలు ఆరిపోతాయి. టంకం పెట్టడం వచ్చినవారు అతుకును మళ్లీ కరిగించి సరిచేస్తున్నారు. రానివారు దానిని వాయిదా వేయకుండా పనివారికి ఇవ్వాలి. లెసాబర్ సంగతికి వస్తే, దాని 3.8 లీటర్ల వీ6 చాలా గట్టిదే, కాని అక్కడ కూడా ప్లాస్టిక్ కూలెంట్ మోచేతులూ పై మానిఫోల్డూ చూసుకోవలసినవే.

ఇక అసలు విషయం. డెట్రాయిట్ నగరం అడుగున వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది, అక్కడ తవ్విన ఉప్పే చలికాలంలో మన రోడ్ల మీద పడుతుంది. మంచు కరిగిన ఉప్పునీరు ఫ్రేము లోపలికి చేరి, మట్టితో కలిసి, వేసవి దాకా తడిగానే ఉంటుంది. బయట రంగు మెరుస్తున్న బండికి కింద వెనుక ఇరుసు పైనున్న ఫ్రేము పొరలు పొరలుగా రాలడం నేను చాలాసార్లు చూశాను. అందుకే చలికాలంలో కూడా వాతావరణం గడ్డకట్టే స్థాయి దాటిన రోజు చూసుకుని కింద భాగాన్ని కడిగించాలి. ఆకురాలు కాలంలో, ఉప్పు పడకముందే, గొర్రె ఉన్ని జిడ్డు అయిన లానోలిన్ ఆధారిత నూనెను ఫ్రేము లోపలి బోలులోకి కూడా చేరేలా చల్లాలి. దట్టమైన తారు వంటి పూతను మాత్రం తుప్పు పట్టిన ఇనుము మీద వేయకండి; అది తడిని లోపలే బంధిస్తుంది, పైకి అంతా బాగున్నట్టు కనిపిస్తూ కింద ఇనుము కరిగిపోతుంది.

తుప్పు ప్రాణం మీదికి తెచ్చేది బ్రేకు పైపుల దగ్గర. ముందు నుంచి వెనుకకు ఫ్రేము వెంబడి వెళ్లే పొడవైన ఉక్కు పైపు, దానిని పట్టి ఉంచే క్లిప్పుల కింద తడి నిలిచే చోట ముందుగా తినేయబడుతుంది. క్లిప్పు పక్కకు జరిపి, తీగల బ్రష్‌తో తుడిచి, గోటితో తడిమితే గుంటలు తెలుస్తాయి. అక్కడ అతుకు వేసి సరిపెట్టకూడదు, రింగును నొక్కి పైపులను కలిపే కంప్రెషన్ ఫిట్టింగు అసలే వాడకూడదు. పైపు మొత్తం మార్చాలి. రాగి-నికెల్ పైపు చేత్తోనే వంగుతుంది, ఉప్పుకు లొంగదు. దాని చివరలను డబుల్ ఫ్లేర్ చేయడం, అంటే అంచును విప్పార్చి రెండు పొరలుగా మడవడం, మాత్రం పనికిరాని ముక్కల మీద సాధన చేసి నేర్చుకోవాలి. అంచు అన్ని వైపులా సమంగా, పగులు లేకుండా మడత పడితేనే బండికి బిగించండి. కొత్త డాట్ 3 రకం బ్రేకు ద్రవం పోసి, పెడల్ నొక్కితే ఆ ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుడి వెనుక చక్రంతో మొదలుపెట్టి గాలి తీయాలి. పెడల్ గట్టిగా నిలిచాక, ఇంటి ముందరి ఖాళీ జాగాలో నెమ్మదిగా పరీక్షించాకే రోడ్డెక్కాలి.

బండి కిందికి వెళ్లే ప్రతి ఒక్కరికీ నా విన్నపం. ఈ కార్లు ఒకటిన్నర టన్నులకు పైగా బరువుంటాయి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. సమతలమైన కాంక్రీటు మీద, చక్రాలకు అడ్డు పెట్టి, ఫ్రేము కింద జాకీ స్టాండ్లు ఉంచి, బండిని ఊపి చూసి, కదలదని రూఢి చేసుకున్నాకే కిందికి దూరాలి. ఇంట్లో ఇంకొకరికి తెలియకుండా ఆ పని చేయకండి. అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లలు లీజు పత్రం కూడా చదువుకోవాలి. పార్కింగులో మరమ్మతులను చాలాచోట్ల అనుమతించరు. అప్పుడు సొంత ఇల్లున్న మనలో ఒకరు తమ డ్రైవ్‌వేను ఒక శనివారం ఇస్తే పెద్ద సాయం. వాడిన ఇంజన్ ఆయిల్‌ను చాలా విడిభాగాల దుకాణాలు ఉచితంగా తీసుకుంటాయి, కాలువలో పోయవలసిన అవసరం ఎవరికీ లేదు.

మిషిగన్‌లో కార్లకు ఏటేటా భద్రతా తనిఖీ లేదు. ఫ్రేము చిల్లుపడిన బండిని రోడ్డు మీదికి తేవద్దని ఏ అధికారీ వచ్చి చెప్పడు, కాబట్టి ఆ తీర్పు మనమే ఇవ్వాలి. సంవత్సరానికి రెండుసార్లు, చలికాలానికి ముందొకసారి తర్వాతొకసారి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్రేమును పొడుగునా తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, పాడైనది మొద్దుగా పలుకుతుంది. మొద్దు శబ్దం వచ్చిన చోట మొనతో గుచ్చండి. మొన లోపలికి దిగితే, ముఖ్యంగా వెనుక ఇరుసును ఫ్రేముకు కలిపే కంట్రోల్ ఆర్మ్‌లు బిగించే చోట దిగితే, ఇంటి మరమ్మతు అక్కడితో ఆపాలి. ఇంజను ఎంత నునుపుగా తిరుగుతున్నా, నిన్ననే కొత్త టైర్లు వేసినా, ఆ బండిని ఇంకొక విద్యార్థికి అమ్మకండి. పనికొచ్చే ఆల్టర్నేటర్, కాయిల్స్, కొత్త మానిఫోల్డు తీసి ఉంచుకుని, మిగిలినదాన్ని మనవంటివారు వచ్చి విప్పుకునే జంక్‌యార్డుకు ఇవ్వండి. నంబరు ప్లేటు తీసుకోవడం మరచిపోవద్దు. ఈ రాష్ట్రంలో ప్లేటు బండితో పోదు, యజమాని దగ్గరే ఉంటుంది.

పగిలిన మానిఫోల్డు ఒకటి, మెత్తబడిన రబ్బరు మోచేయి ఒకటి, ఫ్లేర్ చేసిన పైపు ముక్కలు కొన్ని ఈ బల్ల మీద పెట్టాను. దగ్గరికి వచ్చి చేత్తో పట్టుకుని చూడండి, ప్రశ్నలు అడగండి.