క్రోమ్‌లో బాగుంటే చాలదబ్బా: నెల్లూరు స్టూడియోలో బ్రౌజర్ల పంచాయితీ

నెల్లూరు దర్గామిట్టలోని మా చిన్న స్టూడియోలో ఒక ఆదివారం రికార్డు చేసిన చర్చ ఇది. ఒంగోలు నుంచి ఒక ఫ్రంటెండ్ డెవలపర్, ఇక్కడే ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్స్ చెప్పే లెక్చరర్, కావలిలో సొంతంగా వెబ్‌సైట్లు చేసుకునే కుర్రాడు వచ్చారు. ఏసీ ఆగిపోయినప్పటి మాటలు, టీ తాగేటప్పటి మాటలు తీసేశాం. మిగతావి ఉన్నవి ఉన్నట్టే.

యాంకర్: నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నాకు బ్రౌజర్ అంటే ఫోన్లో గుండ్రంగా నాలుగు రంగుల్లో ఉండే బొమ్మ, అంతకుమించి తెలీదు. కాబట్టి నాకు అర్థమైతే చూసేవాళ్లకీ అర్థమైనట్టే. మన సైట్లో ఫారం పెడితే ప్రశ్నలు బాగానే వచ్చాయి. మొదటిది... ఇదేంది, ఊరి పేరు సగమే పడింది, 'బుచ్చిరెడ్డిపాళ' అని ఉంది. తొందరలో కొట్టినట్టున్నారు. సరే, ప్రశ్న ఇదీ: పేజీ లోపల ఏం జరుగుతుందో చూసి సరిచేసుకునే డెవలపర్ టూల్స్‌కి ఏ బ్రౌజర్ మంచిది, ఒక్క పేరు చెప్పండి.

కావలి: క్రోమ్. అయిపోయిందన్నా, ఇంక ఇళ్లకి పోదామా?

ఒంగోలు: ఉండు తమ్ముడూ. ఆ ఒక్క పేరు నమ్ముకునే నేను చీమకుర్తిలో తిట్లు తిన్నాను.

యాంకర్: చీమకుర్తిలోనా? గ్రానైటా?

ఒంగోలు: గ్రానైటే. ఒక యార్డు ఆయనకి కేటలాగ్ సైట్ చేసిచ్చా. బ్లాక్ గెలాక్సీ పలకల ఫొటోలు, ప్రతి పేజీ అడుగున 'రేటు అడగండి' అని ఒక బటన్. క్రోమ్‌లో ఆ టూల్స్ తెరిచే ఎఫ్12 కొట్టి, పైన ఆ ఫోన్ బొమ్మ నొక్కి, ఐఫోన్ సైజు పెట్టి చూశా, చక్కగా ఉంది. డబ్బులు కూడా తీసుకున్నా. రెండో రోజు పొద్దున్నే ఫోన్. 'అమ్మాయ్, బటన్ ఏదమ్మా, రేటు అడగమంటే ఎక్కడ నొక్కి అడగాలి' అని. ఆయనది నిజం ఐఫోన్. ఐఫోన్ సొంత బ్రౌజర్ సఫారీలో అడ్రస్ బార్ కింద ఉంటుంది కదా, నా బటన్ సరిగ్గా దాని వెనకాల దాక్కుంది. నేను ఎత్తుకి 100 వీహెచ్ అని రాశాను. అడ్రస్ బార్ లేనప్పుడు స్క్రీన్ ఎంత ఉంటుందో అంత ఎత్తు తీసుకుంటుంది అది, బార్ ఉన్నప్పుడు ఆ మేరకి అడుగుభాగం మరుగున పడుతుంది. 2022 నుంచి దీనికి డీవీహెచ్ అని వేరే కొలత వచ్చింది, ఒక్క అక్షరం చేర్చితే పోయే పని. కానీ సమస్య ఉందని తెలిస్తే కదా చేర్చేది!

యాంకర్: మీరు ఐఫోన్ పెట్టే చూశానన్నారుగా మేడమ్?

ఒంగోలు: ఐఫోన్ సైజు పెట్టి చూశాను. అక్కడే అందరం బోల్తా పడేది. క్రోమ్‌లో ఆ ఫోన్ మోడ్ స్క్రీన్ కొలతలు మారుస్తుంది, వేలితో తాకినట్టు నటిస్తుంది, నేను ఐఫోన్‌నని సర్వర్‌కి అబద్ధం కూడా చెబుతుంది. కానీ లోపల పేజీని గీసేది మాత్రం క్రోమ్ ఇంజినే. ఆటోకి కారు బొమ్మ అంటించినట్టు.

లెక్చరర్: అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే మా పిల్లలు కూడా ఇక్కడే తికమకపడతారు. దుకాణంలో బ్రౌజర్ల పేర్లు ఇరవై ఉన్నా, లోపల ఇంజిన్లు గట్టిగా చూస్తే మూడే. క్రోమ్‌ది బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. ఎడ్జ్ 2020 జనవరి నుంచి బ్లింక్ మీదే నడుస్తోంది, ఒపెరా అంతకుముందే, 2013లోనే సొంత ఇంజిన్ వదిలేసింది, బ్రేవ్, వివాల్డీ కూడా అదే తానులో ముక్కలు. మీరు ఎడ్జ్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చేది దాదాపు క్రోమ్ టూల్సే, మైక్రోసాఫ్ట్ వాళ్లు పైన కొంచెం సొంత మసాలా వేశారు. కాబట్టి 'నేను క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ మూడింట్లో టెస్ట్ చేశాను సార్' అని ఎవరైనా అంటే, ఒకే హోటల్లో మూడు టేబుళ్ల మీద కూర్చుని తిన్నాను అన్నట్టే.

కావలి: మరి ఐఫోన్లో క్రోమ్ వేసుకుంటే సార్?

లెక్చరర్: మన దేశంలో అమ్మే ఐఫోన్లో క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల వెబ్‌కిట్టే నాయనా. యాపిల్ వాళ్ల నిబంధన అది. 2024లో యూరోపియన్ యూనియన్ చట్టం దెబ్బకి అక్కడ వేరే ఇంజిన్లకి తలుపు తీశారు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ బ్లింక్ కూడా వెబ్‌కిట్ నుంచి 2013లో విడిపోయిందే. ఆ వెబ్‌కిట్ లినక్స్ వాళ్ల కేహెచ్‌టీఎంఎల్ అనే దాన్నుంచి పుట్టింది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుని ఎవరి గోడ వాళ్లు కట్టుకున్నారు.

యాంకర్: అయితే ఆ ఐఫోన్ సమస్య కనిపెట్టాలంటే ఏం చేయాలి, ఐఫోన్ కొనాలా?

కావలి: ఐఫోన్ ఒక్కటి కొంటే సరిపోదన్నా, అదే నా బాధ. ఆండ్రాయిడ్ అయితే యూఎస్‌బీ కేబుల్ పెట్టి, ఫోన్లో డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఫోన్లో ఉన్న పేజీ మొత్తం నా ముందుంటుంది. ఫైర్‌ఫాక్స్‌కి కూడా అలాంటిదే ఉంది. ఐఫోన్లో సఫారీ లోపల ఏం జరుగుతుందో సఫారీ టూల్స్‌తోనే చూడాలంటే మాత్రం మ్యాక్ కావాలి. విండోస్‌కి సఫారీ ఇవ్వడం 2012తోనే ఆగిపోయింది. రొయ్యల షాపుకి సైట్ చేసిచ్చినందుకు నాకొచ్చే డబ్బులెంత, మ్యాక్ ఖరీదెంత? మాగుంట లేఅవుట్‌లో మా ఫ్రెండ్ దగ్గర మ్యాక్ ఉంది, నెలకోసారి కావలి నుంచి బస్సెక్కి వచ్చి వాడి ఇంట్లో కూర్చుని చూసుకుని పోతా. వాళ్లమ్మ టిఫిన్ పెడుతుంది, అదొక్కటే లాభం.

లెక్చరర్: బస్సు చార్జీ తగ్గించే దారి ఒకటుంది. ప్లేరైట్ అని ఉచితంగా దొరికే టెస్టింగ్ సరంజామా, దాంతో పాటు వెబ్‌కిట్ కూడా వస్తుంది, విండోస్ మీద నడుస్తుంది. అది అచ్చంగా ఐఫోన్ సఫారీ కాదు, మేడమ్ చెప్పిన అడ్రస్ బార్ గొడవ దాంట్లో కనపడదు. కానీ క్రోమ్‌లో నడిచి వెబ్‌కిట్‌లో విరిగే వాటిలో చాలా వరకు అక్కడే దొరుకుతాయి.

యాంకర్: సరే, ఐఫోన్ సంగతి అట్లుంచండి. ఫైర్‌ఫాక్స్ పేరెత్తేవాళ్లే కనపడటం లేదు ఈమధ్య. దాన్ని తెరిచే పని ఉందా అసలు?

ఒంగోలు: నేను రోజూ తెరుస్తా. డిజైన్ పనంతా అందులోనే.

కావలి: నేను తెరవను.

ఒంగోలు: అందుకే నీ చీరల సైట్లో వత్తులు తెగిపోయాయి. చెప్పు, సిగ్గుపడకు.

కావలి: అక్క పరువు తీసేదాకా ఊరుకోదు. సరే చెప్తా. వెంకటగిరి చీరలమ్మే ఒకాయనకి సైట్ చేశా. పైన పెద్దగా 'పట్టు చీరలు' అని హెడ్డింగ్. నా ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంది. ఆయన షాపులో కంప్యూటర్లో చూస్తే ట కింద వత్తు సగానికి కోసేసినట్టుంది. ఆయన నా మొహం చూసి 'పట్టు కాస్తా పటు అయింది గదయ్యా' అన్నాడు. నేనేమో వరుస ఎత్తు, అదే లైన్ హైట్, ఒకటి అని పెట్టి, దాటిపోయింది దాచెయ్ అని రాసి ఉన్నా. ఇంగ్లీషు అక్షరాలకి అది చాలు. మనకి కింద వత్తు, పైన గుడి, రెండంతస్తుల ఇల్లు కదా మనది.

ఒంగోలు: అసలు సంగతి ఇంకోటి ఉంది. తను కోరుకున్న ఫాంట్ ఆ షాపు సిస్టమ్‌లో దిగనే లేదు. ఫైల్ దారి తప్పు రాశాడు, తన ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ ముందే వేసుకుని ఉన్నాడు కాబట్టి తనకి తేడా తెలీలేదు. ఇలాంటప్పుడు విండోస్ అయితే నిర్మలా యూఐ పెట్టేస్తుంది, మ్యాక్ అయితే కోహినూర్ తెలుగు పెడుతుంది, దేని ఎత్తు దానిది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ అంటే, పక్కన ఫాంట్స్ అని ఒక ట్యాబే ఉంది. నువ్వు ఏం అడిగావో కాదు, నిజంగా ఏ ఫాంట్ వాడిందో చూపిస్తుంది. క్రోమ్‌లో లేదని కాదు, కంప్యూటెడ్ ట్యాబ్‌లోకి పోయి అట్టడుగు దాకా జరిపితే ఒక మూల చిన్నగా కనపడుతుంది. ఎంతమంది పోతారు అంత కిందకి?

యాంకర్: అంటే ఫాంట్స్ కోసం ఫైర్‌ఫాక్స్.

ఒంగోలు: ఫాంట్స్ ఒక్కటే కాదు. పేజీ ఎట్లా కనపడాలో చెప్పే సీఎస్ఎస్ లైన్ ఒకటి రాస్తాం, ఏం జరగదు. క్రోమ్ ముందు నోరు మెదిపేది కాదు. ఫైర్‌ఫాక్స్ 2019లోనే ఆ లైన్‌ని బూడిద రంగులోకి మార్చి, పక్కన చిన్న గుర్తు పెట్టి, 'ఇది ఫ్లెక్స్ పెట్టె కాదు, అందుకే ఇది పనిచేయదు' అని కారణం చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత క్రోమ్ కూడా అలాంటిది తెచ్చుకుంది. పేజీని గళ్లుగా సర్దే గ్రిడ్ గీతలు పేజీ మీద గీసి చూపించడమూ అంతే, 2017లో ఫైర్‌ఫాక్స్ 52తో వచ్చింది. నేను సీఎస్ఎస్ సగం పుస్తకంలో కాదు, ఆ గుర్తుల మీద మౌస్ పెట్టి నేర్చుకున్నా.

లెక్చరర్: అసలు ఈ టూల్స్ అన్నింటికీ పెద్దమ్మ ఫైర్‌ఫాక్స్ ఇంట్లోనే పుట్టింది. ఫైర్‌బగ్ అనే యాడ్-ఆన్. 2006. అంతకుముందు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రోజుల్లో తప్పు ఎక్కడుందో తెలియాలంటే కోడ్ మధ్యలో అలర్ట్ అనే చిన్న పెట్టెలు పెట్టుకుంటూ పోయేవాళ్లం. 'ఇక్కడిదాకా వచ్చింది', ఓకే నొక్కు, 'ఇక్కడిదాకా వచ్చింది', ఓకే నొక్కు. చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు. ఫైర్‌బగ్ రాగానే లైటు వేసినట్టయింది. 2017లో దాన్ని ఆపేశారు, అప్పటికి దాని పని ఫైర్‌ఫాక్స్ సొంత టూల్సే చేసేస్తున్నాయి.

యాంకర్: మీ పిల్లలు ఈ ఎఫ్12 బాగా వాడతారా సార్?

లెక్చరర్: బాగా అంటే... ఒకడు రిజల్ట్స్ పేజీ తెరిచి, ఇన్‌స్పెక్ట్ కొట్టి, 38 ఉన్నచోట 83 చేసి స్క్రీన్‌షాట్ నాన్నకి పంపాడు. ఆయన మెచ్చుకుని ఊరుకోకుండా నాకు కూడా పంపాడు, కృతజ్ఞతలు చెబుతూ. (నవ్వులు) పిలిచి అడిగితే 'సార్, డీవోఎం మ్యానిపులేషన్ ప్రాక్టీస్' అన్నాడు, అంటే పేజీలో ఉన్నవాటిని మార్చే సాధన అట. అక్కడ మార్చింది వాడి కంప్యూటర్లో కనపడే బొమ్మని మాత్రమే, రిఫ్రెష్ కొడితే మళ్లీ 38. సర్వర్ జోలికి పోలేడు. ఇది పెద్దవాళ్లు కూడా తెలుసుకోవాలి, బ్యాంకు బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ చూపించి అప్పు అడిగేవాడు ఇదే పని చేసుండొచ్చు.

కావలి: ఇప్పుడు నన్ను మాట్లాడనివ్వండి, క్రోమ్‌ని మరీ అన్యాయం చేస్తున్నారు. స్పీడ్ సంగతి వస్తే నాకు దాని పర్ఫార్మెన్స్ ప్యానెలే కావాలి. రొయ్యల రేట్ల సైట్ ఒకటి ఉంది నాది. రైతు దాన్ని ఎక్కడ తెరుస్తాడు? చెరువు గట్టు మీద. సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. ఆయనకి కావాల్సింది ఇవాళ 100 కౌంట్ ఎంత, 30 కౌంట్ ఎంత, అంతే. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. నేనేమో పైన రొయ్య గిరగిరా తిరిగే బొమ్మ పెట్టా. మా ఇంట్లో వైఫైలో కళ్లు మూసి తెరిచేలోపు వస్తుంది. క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్లో 4జీ పెట్టి చూస్తే రొయ్య వచ్చి, తిరిగి, అలిసిపోయి కూర్చున్నా రేటు రాలేదు. పర్ఫార్మెన్స్‌లో రికార్డు చేస్తే పసుపు రంగు గడి ఒకటి ఆ చివర నుంచి ఈ చివర దాకా, అంతా ఆ బొమ్మని తిప్పే నా జావాస్క్రిప్ట్ కోడే. బొమ్మ పీకేశా, రేట్లు ముందు వచ్చేట్టు మార్చా.

ఒంగోలు: సీపీయూ కూడా తగ్గించి చూశావా? నెట్ ఒక్కటే తగ్గిస్తే ల్యాప్‌టాప్ బలం ల్యాప్‌టాప్‌దే కదా, రైతు ఫోన్‌కి అంత ఉండదు.

కావలి: చూశానక్కా, నాలుగు రెట్లు తగ్గించి. అయినా చివరికి మా మామ పాత ఫోన్ తీసుకుని కేబుల్ పెట్టి చూశాకే నాకు నిజం తెలిసింది. మామ ఫోన్ కంటే గట్టి టెస్టింగ్ టూల్ లేదు.

యాంకర్: తెలుగు వల్ల ప్రత్యేకంగా వచ్చే తలనొప్పులు ఇంకేమైనా ఉన్నాయా సార్? వత్తుల్లాంటివి.

లెక్చరర్: 2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ సర్దుకోలేదు. ఒక్క తెలుగక్షరం ప్రపంచంలో ఐఫోన్లన్నింటినీ వణికించింది. అది పెద్ద సంగతి. చిన్నవి రోజూ జరుగుతాయి... ఆగండి, ఇందాక మీరు చదివిన ఊరు ఏంటి?

యాంకర్: బుచ్చిరెడ్డిపాళ.

లెక్చరర్: ఆయన తొందరపడలేదు. మీ ఫారమే కోసేసింది. ఆ ల్యాప్‌టాప్ ఇటు ఇవ్వండి. మీ సైటే తెరుస్తున్నా, ఊరు గడి మీద ఇన్‌స్పెక్ట్... చూడండి, మ్యాక్స్‌లెంగ్త్ 15 అని ఉంది, అంటే పదిహేను దాటితే తీసుకోదు. ఇప్పుడు కన్సోల్‌లో, అంటే కోడ్ కొడితే బ్రౌజర్ జవాబిచ్చే చోట, 'బుచ్చిరెడ్డిపాళెం' కొట్టి లెంగ్త్ అడుగుతున్నా. ఎంత?

యాంకర్: 17. కానీ అది ఆరు అక్షరాలే కదా! బు, చ్చి, రె, డ్డి, పా, ళెం.

లెక్చరర్: మీ కంటికి ఆరు. బ్రౌజర్‌కి బ ఒకటి, కొమ్ము ఒకటి, చ ఒకటి, పొల్లు ఒకటి, మళ్లీ చ, గుడి... అలా లెక్కపెడుతుంది. కంప్యూటర్లు అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో గుణింతం గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడి. పదిహేను దగ్గర కత్తెర వేస్తే ళ తర్వాత ఎత్వం, సున్నా ఎగిరిపోయాయి. అదే సర్వర్‌కి పంపేటప్పుడు ఒక్కోటి మూడు బైట్లు, అంటే 51. కంటికి కనపడే అక్షరాలు లెక్కపెట్టడానికి ఇంట్ల్ సెగ్మెంటర్ అని జావాస్క్రిప్ట్‌లో ఒకటి ఉంది, క్రోమ్‌లో 2020 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్‌లోకి 2024లో గానీ రాలేదు.

కావలి: చూశారా, అక్కడ ఫైర్‌ఫాక్స్ వెనకబడింది!

ఒంగోలు: అందులో వెనకబడింది, ఒప్పుకుంటా. అన్నా, ఈ ఫారం చేసిందెవరు?

యాంకర్: (కెమెరా వెనక్కి చూస్తూ) ఆ అబ్బాయి ఇప్పుడు కేబుల్ సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. బాబూ, అది 30 చెయ్యి, ఇప్పుడే. బుచ్చి నుంచి అడిగినాయనకి క్షమాపణలు. ఇంకో ప్రశ్న తీసుకుందాం, ఈలోపు మార్చేస్తాడు.

కావలి: ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు ఎట్లా నేర్చుకోవాలి అని చాలామంది అడుగుతారన్నా, అది చెప్తా. ఎరూడా అని ఒకటుంది, ఒక్క లైన్ కలిపితే ఫోన్లోనే పేజీ మీద కన్సోల్ తెరుచుకుంటుంది. మొదట్లో నేను అట్లానే నేర్చుకున్నా, ఇంటర్ చదివేటప్పుడు. వేళ్లు నొప్పి పుడతాయి, కానీ పని జరుగుతుంది.

లెక్చరర్: ఒక హెచ్చరిక. ఎవరైనా 'ఈ కోడ్ కన్సోల్‌లో పేస్ట్ చెయ్యి, ఫాలోవర్లు పెరుగుతారు' అంటే చేయొద్దు. మీ అకౌంట్ తాళం మీరే తీసి ఇచ్చినట్టు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అందుకే ముందు 'అలో పేస్టింగ్' అని టైప్ చేయమంటాయి.

యాంకర్: మారిందట, 30 చేశాడు. ఇదిగో, ఇప్పుడే ఒక కొత్త ప్రశ్న కూడా పడింది. ఊరు గడిలో జిల్లా పేరు రాసినట్టున్నారు. 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూర'... బాబూ!